మరిది అడిగాడు: "వదినా, బాపట్లలో ఉండగలమా?"

పోయిన ఆదివారం పొద్దున్నే మా మరిది ఫోన్ చేశాడు. బాపట్లలో ఒక కాలేజీలో అతనికి లెక్చరర్ ఉద్యోగం వచ్చేలా ఉంది. ఇంటర్వ్యూ అయిపోయింది, ఆర్డర్ చేతికి రావాలి. "వదినా, అన్నయ్యనడిగితే ఆలోచించకుండా వచ్చెయ్యమంటాడు. అందుకే మిమ్మల్ని అడుగుతున్నా. మీరూ హైదరాబాద్‌లో పుట్టి పెరిగినవాళ్ళే. మేం అక్కడ ఉండగలమా?" అన్నాడు. వెనకనుంచి మా తోడికోడలి గొంతు వినబడింది. "అక్కా, నాకు అక్కడ ఉద్యోగం దొరుకుతుందా? అది కూడా చెప్పండి."

ఫోన్లో తేలే సంగతి కాదు, రాసి పంపుతానన్నాను. రాయడం మొదలుపెట్టాక, ఇలాంటి ఊళ్ళకి మారాలా వద్దా అని తేల్చుకోలేని వాళ్ళు ఇంకా ఉంటారు కదా అనిపించి ఇక్కడే పెడుతున్నాను.

మేం వచ్చింది 2013 జూన్‌లో. మా ఆయనకి కాలేజీ ఉద్యోగం, మా పాపకి మూడేళ్ళు. అప్పటిదాకా నాకు తెలిసిన ప్రపంచమంతా మలక్‌పేటే. జూన్‌లో ఈ ఊళ్ళో ఇల్లు వెతకడమే మేం చేసిన మొదటి తప్పు. ఇళ్ళు ఖాళీ అయ్యేది ఏప్రిల్, మే నెలల్లో. జూన్ వచ్చేసరికి కొత్తగా చేరే పిల్లల తల్లిదండ్రులు సంచులు పట్టుకుని వీధులన్నీ తిరుగుతుంటారు. హైదరాబాద్‌లో ఫ్యామిలీ అంటే ఇల్లు సులువుగా ఇస్తారు, బ్యాచిలర్లు అంటే వెనకాడతారు. ఇక్కడ ముగ్గురు నలుగురు ఇంటివాళ్ళు మా మొహం మీదే చెప్పేశారు: "స్టూడెంట్లకైతే తలకింత అని వస్తుందమ్మా. ఫ్యామిలీకి ఇస్తే మాకేం మిగులుతుంది?" ఇరవై రోజులు మా ఆయన కొలీగ్ ఇంట్లో, వాళ్ళ హాల్లో పడుకున్నాం. ఆ ఇంటి ఆవిడ ఒక్కరోజు కూడా మొహం చిట్లించలేదు. ఊరి గురించి నాకు మొదట తెలిసినవి ఈ రెండు సంగతులూ, రెండూ ఒక్క నెలలోనే.

ఊరు చిన్నది. పట్టణ జనాభా 70 వేలు దాటి ఉంటుంది, అంతే. విజయవాడ నుంచి చెన్నై వెళ్ళే మెయిన్ లైన్ మీద ఉంది కాబట్టి రైళ్ళకి కొదవ లేదు. గుంటూరు 50 కిలోమీటర్లు, మధ్యలో పొన్నూరు. ఇటువైపు చీరాల దగ్గర, బట్టలు కొనాలంటే అందరం అక్కడికే వెళతాం. సూర్యలంక సముద్రం 9 కిలోమీటర్లు. భావనారాయణస్వామి గుడి చుట్టూ పాత ఊరు. భావపురి అన్న పేరే బాపట్ల అయిందంటారు. తెలుగువాళ్ళకి వేరే రాష్ట్రం కావాలన్న ఉద్యమానికి వేదికైన ఆంధ్ర మహాసభ మొదటిసారి, 1913లో, జరిగింది ఈ ఊళ్ళోనే. ఆ సంగతి మా వీధిలో ఉండే రిటైర్డ్ తెలుగు మాస్టారు వచ్చిన వారంలోనే చెప్పారు. తర్వాత కూడా చాలాసార్లు చెప్పారు, ప్రతిసారీ అంతే సంతోషంగా.

ఇక కాలేజీలు. వ్యవసాయ కళాశాల 1945లో, మద్రాసు ప్రెసిడెన్సీ రోజుల్లో పెట్టినది. తర్వాత అగ్రికల్చరల్ ఇంజనీరింగ్, మామూలు ఇంజనీరింగ్, డిగ్రీ, ఫార్మసీ, ఇలా ఒకదాని తర్వాత ఒకటి వచ్చాయి. మనం రోజూ తినే అన్నానికీ ఈ ఊరికీ ఉన్న సంబంధం నాకు ఇక్కడికి వచ్చేదాకా తెలియదు. మలక్‌పేటలో మా అమ్మ కిరాణా కొట్లో "బీపీటీ ఉన్నాయా, పాతవేనా?" అని అడిగేది. ఆ బీపీటీ అంటే బాపట్ల. సాంబ మసూరి అని పిలిచే బీపీటీ 5204 రకం ఇక్కడి పరిశోధన కేంద్రంలో రూపుదిద్దుకుని 1986లో రైతులకి విడుదలైంది. మా అమ్మ మొదటిసారి మా ఇంటికి వచ్చినప్పుడు ఈ మాట చెబితే, కాసేపు మాట్లాడకుండా కూర్చుని, "ఇన్నేళ్ళూ ఈ ఊరి పేరే పలికానన్నమాట" అంది.

మరిదీ, ఇక్కడ మీకు మొదట అలవాటు కావలసింది కాలేజీ క్యాలెండర్. కాలేజీలో పనిచేసేవాళ్ళకే కాదు, ఊరందరికీ అదే. సెమిస్టర్ పరీక్షలప్పుడు మా వీధి చివర టీ బండి అర్ధరాత్రి దాకా ఉంటుంది. ల్యాబ్ ఎక్స్‌టర్నల్స్ ముందు రోజు జిరాక్స్ షాపుల ముందు రోడ్డు మీదిదాకా లైను. ఇంటర్నల్స్ వారంలో కర్రీ పాయింట్ దగ్గర రాత్రి ఎనిమిదికే పప్పు అయిపోతుంది. మనం ఏ కాలేజీలోనూ లేకపోయినా, ఇడ్లీ బండి అతను "ఎల్లుండి నుంచి సెలవులమ్మా, రేపే తీసుకెళ్ళండి" అని చెబుతాడు. నాకు ఇది నిజంగా ఇష్టం. హైదరాబాద్‌లో మా వీధిలో ఏం జరుగుతోందో నాకు తెలిసేది కాదు. ఇక్కడ రాత్రి రెండింటికి మెలకువ వచ్చినా, ఎదురింటి మేడ మీద లైటు వెలుగుతూ ఎవరో ఒక పిల్లాడు పైకి చదువుకుంటూ ఉంటాడు. తెలియని పిల్లాడే అయినా మనసుకి ధైర్యంగా ఉంటుంది.

మే నెల మాత్రం భరించలేను. పిల్లలందరూ వెళ్ళిపోతారు. మెస్సులు మూతపడతాయి, టీ బండి ఉండదు, జిరాక్స్ షాపు పొద్దున రెండు గంటలు తెరిచి మూసేస్తారు. ఎండకి కుక్కలు కూడా బయట కనబడవు. వచ్చిన కొత్తలో మే నెల మొదటి వారంలో ఒక సాయంత్రం గేటు దగ్గర నిలబడి ఏడ్చేశాను. ఎందుకని మా ఆయన అడిగితే చెప్పలేకపోయాను.

నిజమైన ఖాళీ ఎలా ఉంటుందో 2020 మార్చిలో చూశాం. లాక్‌డౌన్ అనగానే రెండు రోజుల్లో ఊరు ఖాళీ అయిపోయింది. మా పక్క వీధిలో ఒక ఆవిడ మెస్ నడిపేది. అరవై మంది పిల్లలకి రెండు పూటలా వండేది. భర్త లేడు, ఇద్దరు కొడుకులు. పిల్లలు మళ్ళీ వచ్చేసరికి నెలలు గడిచిపోయాయి. ఈ లోపు ఆవిడ గొలుసు తాకట్టు పెట్టింది, తర్వాత పెద్ద గిన్నెలు అమ్మింది. ఆ గిన్నెలు రిక్షాలో వెళ్ళిపోవడం నేను మా గుమ్మంలోంచి చూశాను. ఒక పెద్ద కాలేజీ మూతపడితే పేపర్లో వస్తుంది. దాని మీద బతికే మెస్సు, ఇస్త్రీ బండి, సైకిల్ రిపేరు, రికార్డులకి అట్టలు వేసే ముసలాయన ఏమయ్యారో ఎవరూ రాయరు. కాలేజీ తప్ప వేరే ఆధారం లేని ఊరికి ఉండే పెద్ద బలహీనత ఇదే. అయితే ఆవిడ చెప్పిన ఇంకో సంగతి కూడా రాయాలి. మార్చి నెల బిల్లు కట్టకుండా హడావిడిగా వెళ్ళిపోయిన పిల్లల్లో చాలామంది ఫోన్‌పేలో డబ్బు పంపారట. ఒక పిల్లాడు "ఆంటీ, ఏప్రిల్‌ది కూడా కలిపి పంపాను, ఉంచండి" అన్నాడట. ఇప్పుడు మళ్ళీ మెస్ నడుస్తోంది. గిన్నెలు కొత్తవి.

మామయ్యగారి విషయం మీకు తెలుసు. అయినా ఆ రాత్రి ఇక్కడ ఏం జరిగిందో పూర్తిగా ఎప్పుడూ చెప్పలేదు. మీరు హైదరాబాద్‌లో ఉన్నారు, అప్పుడు చెబితే టెన్షన్ పడతారని కుదించి చెప్పాం.

2019 ఫిబ్రవరి. అప్పటికి ఈ ఇల్లు కొనుక్కుని రెండేళ్ళు అవుతోంది. పై పోర్షన్‌లో నలుగురు పిల్లలు ఉండేవాళ్ళు, ఇంజనీరింగ్ మూడో ఏడు. ఒకడిది ఆదోని, ఒకడిది అనంతపురం, ఒకడిది శ్రీకాకుళం దగ్గర పల్లెటూరు, ఇంకొకడిది నెల్లూరు వైపు. రాత్రి ఒంటిగంట దాటింది. మామయ్యగారు మంచం మీద లేచి కూర్చుని, చెయ్యి లాగేస్తోందన్నారు. ఒళ్ళంతా చెమట. మీ అన్నయ్య కంగారులో చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి పరుగెత్తారు. నేను మెట్ల దగ్గర నిలబడి పైకి గట్టిగా పిలిచాను. ఏమని పిలిచానో గుర్తు లేదు. నలుగురూ ఒక్కసారే దిగారు. ఆదోని పిల్లాడు మామయ్యగారిని నడవనివ్వలేదు. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి ఇద్దరు అటు, ఇద్దరు ఇటు పట్టుకుని గేటు దాకా మోసుకొచ్చారు. శ్రీకాకుళం పిల్లాడు బైక్ మీద వెళ్ళి నాలుగు వీధుల అవతల ఉన్న కారు డ్రైవర్ని నిద్ర లేపి తీసుకొచ్చాడు. ఊళ్ళో మాకు తెలిసిన డాక్టరుగారు ఆ వేళప్పుడు తలుపు తీసి ఈసీజీ తీశారు. మాత్రలు వేసి, "ఇక్కడ నేను చేయగలిగింది ఇంతే. ఒక్క నిమిషం ఆగకుండా గుంటూరు తీసుకెళ్ళండి" అన్నారు.

ఆ 50 కిలోమీటర్లు నేను ఎప్పటికీ మరిచిపోలేను. పొన్నూరు వచ్చింది, దాటింది. చేబ్రోలు వచ్చింది, దాటింది. రోడ్డు మీద ధాన్యం లారీలు. మామయ్యగారు నా చెయ్యి పట్టుకుని, "ఇంకా ఎంత దూరమమ్మా?" అని మూడుసార్లు అడిగారు. ముందు సీట్లో అనంతపురం పిల్లాడు ఫోన్లో తన సీనియర్‌తో మాట్లాడి, ఆ సీనియర్ అన్నయ్య పనిచేసే ఆసుపత్రిలో ముందే చెప్పి పెట్టించాడు. మేం వెళ్ళేసరికి స్ట్రెచర్ గుమ్మంలో ఉంది. స్టెంట్ వేశారు. మామయ్యగారు ఇవాళ మా ఇంట్లో పేపర్ చదువుకుంటున్నారు. కానీ డాక్టరుగారు బయటికి వచ్చి అన్న మాట మీకు అప్పుడు చెప్పలేదు. "ఇంకాస్త ముందు వచ్చుంటే గుండె కండరం ఇంత దెబ్బ తినేది కాదు" అన్నారు. ఆయన ఇప్పుడు మెట్లెక్కితే ఆయాసపడేది అందుకే.

"ఊరు మంచిదా?" అని ఎవరైనా అడిగితే నాకు ఆ రాత్రే గుర్తొస్తుంది. మలక్‌పేటలో అయితే పది నిమిషాల్లో గుండె ఆసుపత్రి. అక్కడ మా అపార్ట్‌మెంట్‌లో అర్ధరాత్రి పిలిస్తే నలుగురు పరుగెత్తుకొస్తారా అంటే ఏమో, పక్క ఫ్లాట్‌లో ఎవరుంటున్నారో కూడా మాకు తెలిసేది కాదు. రెండిటినీ త్రాసులో వేసి ఏది ఎక్కువో చెప్పమంటే నా వల్ల కావడం లేదు. 2022 ఏప్రిల్‌లో ఊరు జిల్లా కేంద్రమైంది, మెడికల్ కాలేజీ అంతకుముందే మంజూరైంది. ఆ కాలేజీ పూర్తయి, రాత్రి పూట కూడా గుండె వైద్యం ఇక్కడే దొరికే రోజు కోసం ఊరంతా చూస్తున్నాం. అప్పటిదాకా మామయ్యగారి మందులూ, ఈసీజీ కాగితాలూ, కారు డ్రైవర్ నంబరూ ఒక సంచిలో పెట్టి తలుపు పక్కన మేకుకి తగిలించి ఉంటాయి. మీ అత్తగారి తరపు పెద్దవాళ్ళు ఎవరైనా మీతో ఉండేట్టయితే మీరూ అలాగే చేయాలి.

ఇక మా తోడికోడలి ప్రశ్న. నీకు దాపరికం లేకుండా చెబుతున్నానమ్మా. నువ్వు ఇప్పుడు చేస్తున్న మందుల కంపెనీ ల్యాబ్ ఉద్యోగం లాంటిది ఈ ఊళ్ళో దొరకదు. ఎమ్మెస్సీ ఉంది కాబట్టి కాలేజీల్లో పాఠాలు చెప్పే పని దొరకొచ్చు. జీతం నీకిప్పుడు వచ్చేదానిలో సగం అనుకో. మా ఆయన కొలీగ్స్ భార్యల్లో ఎంతమంది చదువుకున్నవాళ్ళు ఇంట్లో ఉన్నారో లెక్క పెడితే బాధేస్తుంది. ఎంటెక్ చేసినావిడ ఒకరు ట్యూషన్లు చెబుతున్నారు, ఇంకొకావిడ చీరాల నుంచి చీరలు తెచ్చి అమ్ముతున్నారు. పని చిన్నదని కాదు, వాళ్ళు కావాలని ఎంచుకున్నది కాదని బాధ. నేను వచ్చినప్పుడు అకౌంట్స్ పని వదిలేసుకుని వచ్చాను. ఏడేళ్ళు ఖాళీగా ఉన్నాను. 2020 తర్వాత ఇంటినుంచి పని దొరకడం మొదలైంది కాబట్టి ఇప్పుడు హైదరాబాద్‌లో ఇద్దరు ఆడిటర్లకి లెక్కలు చూస్తున్నాను. మీ కంపెనీ వాళ్ళని ముందే అడుగు, కాగితాల పని ఏదైనా ఇంటినుంచి ఇస్తారేమో. ఉద్యోగం మానేసి వచ్చాక వెతుక్కుందాం అనుకోవద్దు. ఆ ఏడేళ్ళు నాకు ఎలా గడిచాయో మీ అన్నయ్యకి కూడా పూర్తిగా తెలియదు.

పిల్లల చదువు సంగతి అడగలేదు కానీ అడుగుతారు. స్కూలు వరకు ఏ ఇబ్బందీ లేదు. మా పాప సైకిల్ మీద వెళ్ళి వస్తుంది. సాయంత్రం ఆరింటికి రాకపోతే నేను భయపడను, ఎందుకంటే దారిలో ఉన్న ప్రతి కొట్టువాడికీ అది ఎవరమ్మాయో తెలుసు. కానీ ఇంటర్ దగ్గరికి వచ్చేసరికి ఇక్కడివాళ్ళు చాలామంది పిల్లల్ని విజయవాడో గుంటూరో హాస్టల్‌కి పంపేస్తారు. వేరే ఊళ్ళ పిల్లలు ఇంజనీరింగ్‌కి మా ఊరు వస్తారు, మా ఊరి పిల్లలు ఇంటర్‌కి వేరే ఊరు పోతారు. మా పాప ఇప్పుడు పదో తరగతి. వచ్చే ఏడాది పంపాలా, ఇక్కడే ఉంచాలా అని రోజూ రాత్రి అన్నాల దగ్గర ఇదే మాట. "ఇక్కడే చదువుతానమ్మా, బాగానే చదువుతాను" అంటోంది. నేను దాని పక్షమే. మా ఆయన ఇంకా తేల్చుకోలేదు.

ఊరంతా తెలిసిన మొహాలే కావడం అన్నివేళలా బాగుండదు. మా ఆయన కూరగాయల దగ్గర నిలబడితే ఎవరో ఒకరు "సార్, మా వాడికి అటెండెన్స్ తగ్గిందట" అంటారు. నేను ఒకసారి చుడీదార్‌తో రైల్వే స్టేషన్‌కి వెళ్తే సాయంత్రానికి నలుగురు అడిగారు, ఎక్కడికని. ఆడపిల్ల ఒక అబ్బాయితో టీ తాగితే ఆ కబురు పొన్నూరు దాకా పోతుంది. పైన అద్దెకున్న పిల్లల గురించి కూడా అడుగుతారు. "రాత్రి ఎన్నింటికి వస్తారండీ? ఎవరొస్తారండీ?" నేను జవాబు చెప్పను. మీరూ చెప్పకండి.

సూర్యలంక గురించి ఒక్క మాట. వెళ్ళండి, తప్పకుండా వెళ్ళండి. వారం మధ్యలో, పొద్దున ఆరింటికి, ఎవరూ లేనప్పుడు. కార్తీక మాసంలో స్నానాలకి జనం పోటెత్తుతారు, అప్పుడు వద్దు. ఆ అలలకి కొట్టుకుపోయిన విద్యార్థుల వార్తలు నేను ఎన్నోసార్లు చదివాను. ప్రతి కొత్త బ్యాచ్ మా పై పోర్షన్‌లో దిగిన రోజే నేను చెప్పే మొదటి మాట అద్దె గురించి కాదు, మోకాళ్ళ లోతు దాటొద్దని. వాళ్ళమ్మలకి కూడా ఫోన్ చేసి చెబుతాను.

తుపాన్లు కూడా ఉంటాయి. 2023 డిసెంబర్ 5న మిచౌంగ్ తీరం దాటింది సరిగ్గా మా బాపట్ల దగ్గరే. రైళ్ళు రద్దయ్యాయి, పిల్లలు ఇళ్ళకి వెళ్ళలేకపోయారు. మా వీధిలో కరెంటు లేదు. పై పిల్లలు కిందికి వచ్చి హాల్లో పడుకున్నారు. వాళ్ళలో ఎవరూ అలాంటి గాలిని అంతకుముందు చూడలేదు. వాళ్ళతోపాటు మా పుట్టింటివైపు బంధువుల అమ్మాయి కూడా ఉంది. అగ్రి కాలేజీలో నాలుగో ఏడు చదువుతూ ఆదివారాలు మా ఇంటికి వచ్చేది, ఆ రోజు ముందే పిలిపించుకున్నాను. నాలుగో ఏడులో వాళ్ళకి రావెప్ అని ఉంటుంది. నెలల తరబడి ఒక ఊళ్ళో రైతుల దగ్గర ఉండి, వాళ్ళతో పొలానికి వెళ్ళి నేర్చుకోవాలి. ఆ పిల్ల ఆ ఏడాది డెల్టా ఊళ్ళో ఉండి వచ్చింది. గాలి హోరులో అందరూ భయపడుతుంటే, అది మాత్రం ఫోన్ పట్టుకుని తను ఉండొచ్చిన రైతు ఇంటికి చేస్తూనే ఉంది. చివరికి ఫోన్ ఎత్తింది ఆయన భార్య. కోసిన వరి పనల మీదే ఉంది, నీళ్ళు నిండాయని చెప్పిందట. ఆ పిల్ల ఫోన్ పెట్టేసి, "అత్తా, నాటు నుంచి ఆ చేను నేను చూశాను" అని ఏడ్చింది. పుస్తకాల్లో నష్టం శాతాలు నేర్చుకున్న పిల్ల. ఆ రాత్రి తర్వాత దాని చదువు వేరే అయింది. ఇప్పుడు ఒక మండలంలో వ్యవసాయాధికారిగా పనిచేస్తోంది. ప్రతి నవంబర్లోనూ వాతావరణ హెచ్చరిక రాగానే రైతులకి తనే ఫోన్లు చేస్తుందని వాళ్ళమ్మ చెప్పింది.

వెళ్ళిపోవడం గురించి రాయకుండా ఆపితే మీకు సగమే చెప్పినట్టు. ఇక్కడ మనం మనసు పెట్టుకునే వాళ్ళు నాలుగేళ్ళకి వెళ్ళిపోతారు. మొదటి బ్యాచ్ వెళ్ళినప్పుడు నేను రెండు రోజులు పై గదికి వెళ్ళలేదు. ఆదోని పిల్లాడు వెళ్ళేరోజు మామయ్యగారి కాళ్ళకి దణ్ణం పెట్టి, ఆయన బీపీ మాత్రల పేర్లు తన ఫోన్లో రాసుకున్నాడు, "మర్చిపోతే నాకు ఫోన్ చేయండి తాతయ్యా" అని. చేసేవాడు కూడా, ఏడాదిపాటు, ప్రతి ఆదివారం. తర్వాత పండగలకి. ఇప్పుడు పెళ్ళయింది, బెంగళూరు. ఫోన్లు తగ్గాయి. తగ్గడం సహజమే, నేను తప్పు పట్టను. కానీ ఆదివారం పదకొండింటికి మామయ్యగారు ఫోన్ దగ్గర పెట్టుకుని కూర్చుంటే నాకు చూడబుద్ధి కాదు. మీరు పక్క వీధిలో ఉంటే ఆ ఆదివారాలు మారతాయని నా ఆశ. నేను చెప్పేదాంట్లో ఈ స్వార్థం కూడా ఉందని గుర్తుపెట్టుకుని చదవండి.

రావాలనుకుంటే, మేము చేసిన తప్పు చేయకండి. ఏప్రిల్ నెలాఖరులో ఒకసారి వచ్చి ఇల్లు చూసుకోండి. జిల్లా కేంద్రమయ్యాక ఆఫీసుల వాళ్ళు కూడా వచ్చి అద్దెలు పెరిగాయి. 2013లో మేం 4,500 ఇచ్చిన రెండు గదుల ఇంటికి ఇప్పుడు దాదాపు రెట్టింపు అడుగుతున్నారు. లేదూ, మా పై పోర్షనే తీసుకుంటామంటే ఇప్పుడున్న నలుగురూ మేలో ఖాళీ చేస్తారు. వాళ్ళ తర్వాత ఎవరికీ మాటివ్వలేదు.

గదులకి రంగులు మీ ఇష్టం. వంటగదిలో స్టవ్ వెనక గోడకి మాత్రం వేయించను, ముందే చెబుతున్నాను. మొదటి బ్యాచ్ పిల్లలకి అన్నం వండడం నేర్పినప్పుడు శ్రీకాకుళం పిల్లాడు పెన్సిల్‌తో అక్కడ రాసుకున్నాడు: "పాత బీపీటీ: గ్లాసుకి రెండున్నర నీళ్ళు. కొత్తవైతే రెండే." దాని కింద తర్వాతి బ్యాచ్ వాళ్ళు "కుక్కర్లో అయితే రెండు, మూడు కూతలు" అని రాశారు. ఆ కింద ఇంకెవరో పప్పు కొలత, ఇంకెవరో "ఆంటీ చారు: చింతపండు ముందు నానబెట్టాలి". అడుగున కొంచెం ఖాళీ ఉంది.